నాలుగో తరగతి లెక్కల్లో నూటికి నూరు, కానీ తాడు కొయ్యమంటే "డివిజనా మల్టిప్లికేషనా" అంటున్నాడు

చందూవాళ్ళమ్మ
మావాడు నాలుగో తరగతి. మియాపూర్ వైపు ఓ మోస్తరు పేరున్న స్కూలు, ఫీజు సంగతి ఎత్తితే అదో పెద్ద కథ. లెక్కల్లో ఎప్పుడూ 25కి 25, మహా అయితే ఒక మార్కు పోతుంది. మొన్న ఆదివారం దాకా నేనూ సంతోషంగానే ఉన్నా.

బాల్కనీలో బట్టలారేసుకోడానికి తాడు తెచ్చాం, 12 మీటర్లు. 3 మీటర్ల ముక్కలు కావాలి. "చందూ, ఎన్నిసార్లు కొయ్యాల్రా" అన్నా. వాడు తాడు వంక కూడా చూళ్ళేదు, "అమ్మా ఇది డివిజనా మల్టిప్లికేషనా" అన్నాడు. నువ్వే చెప్పు అన్నా. "డివిజన్. 4 సార్లు." సరే కొయ్యి అని టేపూ కత్తెరా చేతికిచ్చా. కొలిచాడు, కోశాడు, మళ్ళీ కొలిచాడు, కోశాడు, మూడోసారి కోసేసరికి ఆఖరి ముక్క మిగిలింది, దాన్నీ టేపు పెట్టి చూశాడు, సరిగ్గా 3 మీటర్లు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి "అమ్మా, షాపంకుల్ తాడు తక్కువిచ్చాడు, నాలుగోసారి కొయ్యడానికి లేదు" అన్నాడు!!

అప్పట్నుంచి వాడి పుస్తకాలు ముందేసుకుని చూస్తున్నా. హోంవర్కు అంటే నాలుగంకెల సంఖ్యని రెండంకెల సంఖ్యతో గుణించడం, ఒకే రకంవి 40. మొదటి ఐదు చేసేసరికే వాడికి వచ్చేసింది, మిగతా 35 చేతి నొప్పి. రాత లెక్కలు ఉన్నాయి కానీ చాప్టర్ పేరు గుణకారం అయితే అందులో అన్నీ గుణకారాలే, చదవక్కర్లేదు, రెండు సంఖ్యలు వెతుక్కుని గుణించేస్తే మార్కు పడిపోద్ది. పేరెంట్స్ మీటింగులో టీచర్ని అడిగితే "మీవాడు టాపరండీ, మీకెందుకు టెన్షన్" అన్నారు. నా టెన్షనే అది. ప్రైమరీ లెక్కలు పిల్లల బుర్రకి పని చెప్తున్నాయా, ఒక్క చేతికేనా? మీ పిల్లల సంగతేంటి?

గోదారిగట్టు
షాపంకుల్ తక్కువిచ్చాడు అన్నాడు చూశారూ, నా లెక్క కరెక్టు, తాడే తప్పు అన్నమాట. ముద్దొచ్చాడండీ మీవాడు.

కుమారి_విజయవాడ
మా పాప మూడో తరగతి, సేమ్ టు సేమ్. లెక్క చదవకుండానే "ప్లస్సా మైనస్సా" అంటుంది. ఇన్ ఆల్ అని ఉంటే కూడెయ్, లెఫ్ట్ అని ఉంటే తీసెయ్ అని క్లాసులోనే నేర్పారంట, నోట్సులో బాక్సు గీయించి మరీ రాయించారు.

ఓరుగల్లు_పంతులు
మీ బాధ అర్థమైంది గని జర మా దిక్కు గూడ చూడున్రి. నాది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల, ఐదో తరగతి, 22 మంది పిల్లలు. 42 లకెల్లి 17 తీసెయ్యమంటే 9 మంది 35 అని రాస్తరు. ఎట్లంటరా, 2 లకెల్లి 7 పోదు గద, గందుకని 7 లకెల్లి 2 తీస్తరు, 5. నాలుగుల ఒకటి పోతే 3. అయిపాయె. పక్క స్థానం నుంచి అప్పు తీసుకునుడు మూడేండ్ల కింద చెప్పిన ముచ్చటే, అప్పుడు రాలే, తర్వాత ఎవ్వరు ఆగి చెప్పలే, క్లాసు ముందుకు వోయింది, పిల్లగాడు ఆడనే ఉన్నడు.

ఇది నా ఒక్క బడి సంగతి గాదు. 2024 అసర్ సర్వేల (పిల్లలకు చదువుడు, లెక్కలు ఎంతొస్తయో ఇంటింటికి పోయి చూసే సర్వే) గ్రామాల మూడో తరగతి పిల్లలల్ల అప్పు తీసుకునే రెండంకెల తీసివేత చేసినోళ్ళు దేశం మొత్తం మీద 33.7 శాతం. ఐదో తరగతిల మూడంకెల సంఖ్యను ఒక అంకెతోని భాగించినోళ్ళు 30.7 శాతం. 2022ల అయితే 25.9, 25.6 ఉండె, గా లెక్కన కొద్దిగ నయమైంది. చిన్న తరగతులల్ల చదువుడు, లెక్కలు గట్టిగ చేసేతందుకు 2021ల కేంద్రం నిపుణ్ భారత్ తెచ్చినా, 2022ల మన తెలంగాణల తొలిమెట్టు వచ్చినా గిందుకే. గిసోంటి టైముల లెక్కలల్ల చాలెంజ్ సాలుతలేదు, ఇంక గట్టిగ పెట్టుండ్రి అంటే నాకు మనసు కలుక్కుమంటది. సిలబస్ పెంచితే మునిగేది ఎవరు? నా 9 మంది.

చందూవాళ్ళమ్మ
సార్, సిలబస్ పెంచమని నేను అనట్లేదండీ. పెద్ద అంకెలు వద్దనే అంటున్నా. నాలుగంకెలైనా ఎనిమిదంకెలైనా పద్ధతి అదేగా, అందులో ఆలోచించేదేముంది? చిన్న అంకెలతోనే ఆలోచించాల్సింది ఇవ్వొచ్చు కదా అని.

ప్లేనో_నాన్న
మేం టెక్సస్‌లో ఉంటాం, మా పెద్దది నాలుగో తరగతే. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఇదే గొడవ, స్కూల్లో లెక్కలు మరీ నత్తనడక అని. అందుకే సాయంత్రాలు కుమాన్, శనివారం అబాకస్, ఆదివారం ఇంకోటి. ఇక్కడ 2023లో ఒక చట్టం తెచ్చారు, సెనేట్ బిల్ 2124 అని, ఐదో తరగతిలో రాష్ట్రం పెట్టే స్టార్ లెక్కల పరీక్షలో మొదటి 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో వాళ్ళే వేసేస్తారు, వద్దంటే తల్లిదండ్రులు రాసివ్వాలి. అంతకు ముందు అడిగినవాళ్ళ పిల్లలకే దొరికేది, అడగడం తెలియనివాళ్ళ పిల్లలు ఎంత బాగా చేసినా కిందే ఉండిపోయేవాళ్ళు. సో పిల్లలకి స్థాయికి తగ్గ లెక్కలు ఇవ్వడం అనేది నా దృష్టిలో న్యాయం విషయమే. మావాళ్ళకి నేనైతే రెండేళ్ళ ముందు సిలబస్ చెప్పిస్తున్నా.

సున్నా_విలువ
@ప్లేనో_నాన్న చట్టం సంగతి బావుంది కానీ రెండేళ్ళ ముందు సిలబస్ అంటే చాలెంజ్ అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. ఆరో తరగతి లెక్కని నాలుగులో చెప్పిస్తే అది ముందు చేసిన లెక్క, అంతే. పద్ధతి ఎవరో చెప్పేశాక దాన్ని నలభై సార్లు తిప్పడం ఏ తరగతిలోనైనా ఒకటే పని. ఎక్కడ మొదలెట్టాలో తెలియని లెక్క ముందు పిల్లాడు పది నిమిషాలు కూర్చోగలడా, అదీ చూడాల్సింది. ఆ పది నిమిషాలు మన స్కూళ్ళలో ఎవరూ ఇవ్వరు, ట్యూషన్లో అసలివ్వరు.

ఇంకోటి. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులో, గ్రెనోబుల్‌లో, రెండు మూడు తరగతుల పిల్లలకి ఒక లెక్క ఇచ్చారు: "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" 97 మందిలో 76 మంది ఏదో ఒక సంఖ్య రాశారు, ఉన్న అంకెల్ని కలిపో తీసో. గొర్రెలకీ కెప్టెన్ వయసుకీ ఏంటి సంబంధం అని అడగలేదు. లెక్క అంటే అర్థం ఉండక్కర్లేదు, జవాబు ఉంటే చాలు అని బడే నేర్పింది వాళ్ళకి. మీ చందూ తాడు వంక చూడకపోవడం కూడా అదే.

సిద్దిపేట_పోరడు
మా అక్క కొడుకుకు ఇప్పుడే అడిగిన. లారీల 26 గొర్లు 10 మేకలు, డ్రైవర్ వయసెంత అని. 36 అన్నడు. ఎట్లరా అంటే "డ్రైవర్లు గంతే ఉంటరు మామా" అన్నడు 😀 గీనికి మార్కులు ఏసుడా కొట్టుడా?

గోదారిగట్టు
వెయ్యాలి. కనీసం డ్రైవర్ గురించి ఆలోచించాడు.

సుధ_బెంగుళూరు
అందరూ చాలెంజ్ చాలెంజ్ అంటున్నారు, మా ఇంట్లో కథ చెప్తా. మా అమ్మాయికి రెండో తరగతిలో స్పీడ్ టెస్టులు పెట్టేవాళ్ళు, రెండు నిమిషాల్లో 50 కూడికలు, చివర్లో ఎవరెన్ని చేశారో బోర్డు మీద పేర్లు రాసేవాళ్ళు. గురువారం గురువారం. నాలుగు వారాలయ్యాక బుధవారం రాత్రి నుంచే కడుపునొప్పి అనేది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కడుపులో ఏం లేదు. ఇప్పుడు ఆరో తరగతి, ఇప్పటికీ లెక్క తప్పొస్తే రబ్బరుతో కాగితం చిరిగేదాకా తుడుస్తుంది, తప్పు ఎవరికీ కనబడకూడదు అన్నట్టు. ఒకళ్ళ బిడ్డకి చాలెంజ్ ఇంకొకళ్ళ బిడ్డకి కడుపునొప్పి. దయచేసి అదీ ఆలోచించండి.

సున్నా_విలువ
@సుధ_బెంగుళూరు మీరు చెప్పిందాన్లో చాలెంజ్ ఎక్కడుందండీ, పరుగుపందెం ఉంది. నేను గడియారం తీసెయ్యమనే అంటున్నా. నిజంగా ఆలోచించే లెక్కకి టైము పెట్టకూడదు, తప్పు చేసే వీలు ఉండాలి, బోర్డు మీద పేర్లు అస్సలొద్దు.

సుధ_బెంగుళూరు
రాయడానికి బావుంటుందండీ. కానీ చాలెంజ్ అన్న మాట స్కూలు చెవిన పడిందంటే వాళ్ళకి వినిపించేది ఒలింపియాడ్, ర్యాంకు, మెడల్. ఆ మాటకి మన దగ్గర అర్థం అదే అయిపోయింది.

సిద్దిపేట_పోరడు
అక్క చెప్పింది నూటికి నూరు కరెక్టు. నేను ఆరో తరగతిల ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్, పేరెందుకు గని పెద్ద క్యాంపసే. వర్గమూలం తీసుడు నేర్పిన్రు, ఫటఫట తీస్తుంటి. వర్గమూలం అంటే చతురస్రం భుజం అని నాకు తెలిసింది డిగ్రీల. అబద్ధం గాదు.

మిర్చియార్డ్
మాది గుంటూరు, కూరగాయల హోల్‌సేలు. మా కొట్లో సాయంత్రాలు పని చేసే కుర్రోడు ఉన్నాడు, వాళ్ళమ్మకి బండి ఉంది, బళ్ళో చదువుకుంటూనే ఆమెకి సాయం చేస్తాడు. బెండకాయ పావు 15 అయితే కిలోన్నర ఎంతరా అంటే నోరు మూసి తెరిచేలోగా 90 అంటాడు. ఎట్టా చేశావురా అంటే "కిలో 60, అరకిలో 30". రెండొందల నోటిస్తే 110 చేతిలో పెడతాడు. అదే వాడి పుస్తకంలో 15 ఇంటూ 6 అని కాయితం మీద రాసిస్తే నిలువుగా వేసి, ఐదార్లు ముప్పై, సున్నా వేసి మూడు పైన పెట్టి, ఆ మూడు మర్చిపోయి 60 అని రాశాడు. నా కళ్ళతో చూశా. 60 అని రాసింది వాడే, ఆ నోటితోనే 90 అంది కూడా వాడే. రెండూ ఒకటే లెక్క అని వాడికి ఎవరూ చెప్పలా.

సున్నా_విలువ
@మిర్చియార్డ్ మీరు చూసిందే పెద్ద ఎత్తున చూసి రాశారు సార్. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ బృందం, నోబెల్ వచ్చినవాళ్ళు, 2025లో నేచర్ పత్రికలో వేశారు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలు బేరంలో ఎంత చిక్కు లెక్కైనా చేస్తున్నారు, అదే బడి పద్ధతిలో రాసిస్తే చెయ్యలేకపోతున్నారు. తిరగేసి చూస్తే, బళ్ళో బాగా చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర ఆగిపోతున్నారు. రెండు వైపులా గోడే.

సీతమ్మ_టీచర్
నేను 1981లో ఎలిమెంటరీ టీచరుగా చేరి రిటైరైనదాన్ని, కోనసీమ. ఇందాకటి నుంచి చదువుతున్నా, ఒక్క మాట ఎవరూ అనలేదు కాబట్టి నేనంటా. ఎక్కాలు. ఈ రోజుల్లో ఎక్కాలు బట్టీ అనగానే అదేదో పాపం అన్నట్టు చూస్తారు. పిల్లవాడు ఏడెనిమిదులెంత అన్నదానికే వేళ్ళు లెక్కపెడుతుంటే ఇంక ఆలోచించడానికి బుర్రలో చోటేదమ్మా? మేం 20 ఎక్కం దాకా పొద్దున్నే వరసగా చెప్పించేవాళ్ళం, పాటలాగా, ఎవరూ ఏడవలేదు. ఎక్కం రావాలి, ఎక్కంతోనే ఆగిపోకూడదు.

ఇక రెండో మాట, భిన్నాలు. ఇప్పుడు పిల్లలు 2/3 ని టూ బై త్రీ అని చదువుతారు. టూ ఒకటి, త్రీ ఒకటి, మధ్యలో గీత. అందుకే 1/3 పెద్దదా 1/4 పెద్దదా అంటే నాలుగు పెద్దది కదా అని 1/4 అంటారు, ఏ ఊళ్ళో అడిగినా అంతే. మన తెలుగులో మూడింట రెండు వంతులు అంటాం. ముందు ఎన్ని భాగాలు చేశామో చెప్పి, తరవాత అందులో ఎన్ని తీసుకున్నామో చెబుతున్నాం. ఆ మాటలోనే పాఠం అంతా ఉంది. నేను బొబ్బట్టుతో చెప్పేదాన్ని, ముగ్గురు పంచుకుంటే నీకెక్కువొస్తుందా నలుగురు పంచుకుంటే ఎక్కువొస్తుందా అని. తిండి దగ్గర ఒక్కళ్ళు తప్పు చెప్పలేదు. ఇంగ్లీషు మీడియం పెట్టుకోండి, వద్దనను, కానీ ఇంట్లో అయినా మూడింట, నాలుగింట అనే మాట పిల్లల చెవిన వెయ్యండి.

లెక్కని కథలా చెప్పడం మనకి కొత్త కూడా కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. శాస్త్రాన్ని తెలుగు చేసినవాళ్ళలో ఆయన మొదటివరసలో ఉంటాడు, ఆయన ఎంచుకున్నది లెక్కలే.

కుమారి_విజయవాడ
టీచర్ గారూ బొబ్బట్టు ఐడియా ఇవ్వాళే చేస్తా. పండగ దాకా ఆగలేను, మినపట్టుతో కానిచ్చేస్తా.

సుధ_బెంగుళూరు
ఎక్కాల దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేనండీ. ఎవరూ ఏడవలేదు అన్నారు, ఏడ్చేవాళ్ళు మీ ముందు ఏడవరు కదా.

సీతమ్మ_టీచర్
అది నిజమే తల్లీ. ఆ మాట నన్ను కాసేపు ఆపింది. బెత్తం పట్టుకున్న టీచర్లు నా తోటివాళ్ళలో ఉండేవాళ్ళు, వాళ్ళ క్లాసులో ఎక్కాలు ఇంకా గట్టిగా వినబడేవి. ఎక్కం కావాలన్నదానికి నేను కట్టుబడే ఉన్నా, భయం మాత్రం వద్దు.

సిద్దిపేట_పోరడు
ఇంట్ల లెక్కలు అంటే గుర్తొచ్చింది. మా చిన్నక్కను గుంటూరు దిక్కు ఇచ్చినం. బావ భూమి ముచ్చట సెంట్లల్ల మాట్లాడ్తడు, మా నాయిన గుంటలల్ల. పండుగకు కూసుంటే ఇద్దరికి కొట్లాటే. మా పెద్దక్క బిడ్డ, ఐదో తరగతి, నడుమల కూసోని "ఎకరం అంటే ఆడ 100 సెంట్లు, ఈడ 40 గుంటలు, అంటే 10 సెంట్లకు 4 గుంటలు, ఊకోండ్రి" అన్నది. బావ "అయితే మా 25 సెంట్లు ఎన్ని గుంటలే పిల్లా" అంటే జరంతసేపు సూసి 10 అన్నది. బళ్ళె నిష్పత్తి పాఠం ఇంకా మొదలు వెట్టలే దానికి.

మిర్చియార్డ్
మరి 7 గుంటలు ఎన్ని సెంట్లో అడగండి ఆ పిల్లని. అరలోకి వస్తుంది కదా, ఏం చేస్తుందో చూద్దాం.

సిద్దిపేట_పోరడు
అడిగిన. "పదిహేడున్నర. గని అర సెంటు ఎవలు కొంటరు" అన్నది.

ఓరుగల్లు_పంతులు
ముచ్చట్లు మంచిగనే ఉన్నయ్. కని మీరందరు చెప్పే పిల్లలు ఇంట్ల అడిగే అమ్మనో మామనో ఉన్న పిల్లలు. నా 9 మంది అమ్మానాయినలు పొద్దుగాల ఏడుకు పత్తికో మిర్పకో పోతరు, రాత్రికి వస్తరు. వాళ్ళకు లెక్క అడిగేటోణ్ణి నేనొక్కణ్ణే. ఇంకోదిక్కు అదే క్లాసుల ముగ్గురు నవోదయ పరీక్షకు తయారైతున్నరు, 80 ప్రశ్నలు, 2 గంటలు, అందుల 20 లెక్కలే, మొత్తం దునియా మీద ఆశ గా పరీక్ష మీద పెట్టుకున్నరు. గా ముగ్గురికి ఒక లెక్క, గీ 9 మందికి ఒక లెక్క, నడుమల 10 మందికి ఇంకో లెక్క, నేను ఒక్కణ్ణి, పీరియడ్ 40 నిమిషాలు. ఇద్దరికీ పనికొచ్చే లెక్క ఏదన్న ఉంటె చెప్పుండ్రి, మాటలు గాదు.

చందూవాళ్ళమ్మ
ఈ ప్రశ్న నేను అడిగిన దానికంటే పెద్ద ప్రశ్న సార్. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కుమారి_విజయవాడ
ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకాలు మ్యాథ్స్ మేళా, మూడో తరగతిది 2024లో, నాలుగు ఐదు 2025లో వచ్చాయి కదా, ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆటలు, పజిళ్ళు బానే ఉన్నాయి. మా స్కూల్లో అవి వాడరు, ప్రైవేటు పబ్లిషర్ వర్క్‌బుక్కే, ఇంట్లో మేం చూసుకుంటున్నాం.

సున్నా_విలువ
@ఓరుగల్లు_పంతులు సార్, ఒకటి ఉంది, మీ 9 మందికి కావాల్సిన తీసివేత కూడా అందులోనే ఉంది. కప్రేకర్ అని మహారాష్ట్రలో దేవ్‌లాలీలో బడిపంతులు, మీలాగే. ఆయన పట్టుకున్నది 6174. ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకోండి, అన్ని అంకెలూ ఒకటే కాకూడదు. అంకెల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చండి, తర్వాత తిరగేసి పేర్చండి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యండి. వచ్చినదానితో మళ్ళీ అదే. 3524 తీసుకుంటే:
5432 − 2345 = 3087
8730 − 0378 = 8352
8532 − 2358 = 6174
ఆ తర్వాత 6174 దగ్గరే ఉండిపోతుంది. ఏ సంఖ్యతో మొదలెట్టినా ఏడు సార్లలోపే అక్కడికే చేరుతుంది. మూడంకెలైతే 495. మీ పిల్లలకి మూడంకెలు ఇవ్వండి, ఎక్కడికి చేరుతుందో మాత్రం చెప్పకండి. రెండంకెలకి ఏమవుతుందో కూడా చెప్పకండి.

గోదారిగట్టు
రెండంకెలకి ఏమవుతుంది??

సున్నా_విలువ
చెప్పకండి అన్నానుగా 🙂

ప్లేనో_నాన్న
ఇప్పుడే చేశా, ఆఫీసు మీటింగులో కూర్చుని. 7463 తీసుకున్నా. ఐదు నిమిషాలు అదే పని, 6174 వచ్చింది. రాత్రి మా అమ్మాయికి ఇస్తా. @సున్నా_విలువ మీరు పొద్దున అన్నది ఇప్పుడర్థమైంది, ఇందులో ఆరో తరగతి సిలబస్ ఏం లేదు, రెండో తరగతి తీసివేతే. ఇంకోటి, ఇక్కడి స్కూలు నత్తనడక అని నేనే తిట్టా కానీ వాళ్ళ టీచరు ఒకటి మాత్రం చేస్తుంది, జవాబు చెప్పాక "నువ్వెలా చేశావ్, ఇంకెవరైనా వేరేలా చేశారా" అని అడుగుతుంది, 38 ప్లస్ 27 కే పావుగంట. అదే నత్తనడక అనుకుని విసుక్కున్నా నేను.

ఓరుగల్లు_పంతులు
మూడు రోజులైంది, చెప్పాలె గద.

సోమవారం రెండంకెలతోనే మొదలు వెట్టిన, మూడంకెలంటే నా 9 మంది బెదురుతరని. ఎవరికి నచ్చిన సంఖ్య వాళ్ళు తీసుకోండ్రి, తిర్లేసి రాయుండ్రి, పెద్దదాంట్ల చిన్నది తీయుండ్రి అన్న. ఒక పిలగాడు 42 తీసుకున్నడు. 42 లకెల్లి 24. వాని పద్ధతి ఎరికే గద, పెద్ద అంకెలకెల్లి చిన్న అంకె. 22 వచ్చింది. 22 తిర్లేస్తే 22, తీస్తే సున్నా. "సార్ నాది అయిపాయె" అన్నడు. పక్కోనిది అయితలేదు, కిందికి కిందికి పోతనే ఉన్నది. వాడు పక్కోని పలక చూసిండు, తన పలక చూస్కున్నడు. గా 9 మందిల ఆరుగురికి గిదే, మొదటి అడుగులనే 22, 33, 44 వచ్చి ఆగిపాయె. "మాకే ఎందుకాగింది సార్" అని వాళ్ళే అడిగిన్రు. ఇన్నేండ్లల్ల తప్పు అని ఎర్ర పెన్నుతోని నేను కొట్టేసుడే గని, తప్పెందుకైందని వాళ్ళు అడుగుడు ఎన్నడు లేదు. చీపురుపుల్లల కట్టలు తీసిన. పది పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు. 24 తీయిరా అన్న. రెండు కట్టలు తీసిండు, రెండు పుల్లలు తీసిండు, ఇంక రెండు పుల్లలు కావాలె. కొద్దిసేపు నా మొకం చూసి ఒక కట్ట దారం విప్పిండు. నేను చెప్పలే.

ఇంగ నవోదయ పిల్లలల్ల ఒకామె ఉన్నది, 31 తోని మొదలువెట్టింది. 18, 63, 27, 45, 9. ఈడికి వచ్చి "9 ముంగట సున్నా పెట్టొచ్చా సార్" అని అడిగింది. పెట్టు అన్న. 90 లకెల్లి 9 పోతే 81. 81 లకెల్లి 18 పోతే 63. "సార్, 63 ముందే వచ్చింది, ఇది గానుగెద్దు లెక్క తిరుగుతది, ఎటు పోదు" అన్నది. ఇంకో ఐదు నిమిషాలకు మళ్ళ లేచి "అన్ని తొమ్మిదో ఎక్కంలయే వస్తున్నయ్" అన్నది. అప్పుడు క్లాసుల అందరు పలకలు చూసుకున్నరు. తీసివేత ఇప్పుడిప్పుడే నేర్చినోళ్ళు గూడ. పీరియడ్ గంట కొట్టిన్రు, ఎవ్వరు లేవలే.

సీతమ్మ_టీచర్
గానుగెద్దు! ఆ పిల్లకి నా ఆశీస్సులు చెప్పండి మాస్టారూ. దారం విప్పిన పిల్లాడికి ఇంకా ఎక్కువ.

సుధ_బెంగుళూరు
తప్పు చేసినవాళ్ళే వచ్చి ఎందుకాగింది అని అడగడం... మా అమ్మాయికి చదివి వినిపించా. "వాళ్ళ పేర్లు బోర్డు మీద రాయలేదా" అని అడిగింది.

ఓరుగల్లు_పంతులు
రాయలే బిడ్డా అని చెప్పమ్మా.

గోదారిగట్టు
అన్నీ తొమ్మిదో ఎక్కమే ఎందుకొస్తాయో ఆల్జీబ్రా లేకుండా పిల్లలకి ఎలా చెప్పాలి? మా తమ్ముడి కూతురు పట్టుకుంది నన్ను.

మిర్చియార్డ్
నోట్లతో చెప్పండి. 52 అంటే ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు. దాన్ని 25 చెయ్యాలంటే మూడు పది నోట్లు ఇచ్చేసి మూడు రూపాయి బిళ్ళలు తీసుకోవాలి. పది ఇచ్చి రూపాయి తీసుకుంటే ఎంత పోయింది, 9. మూడుసార్లు పోయింది, 27. ఎన్నిసార్లు మార్చినా తొమ్మిదులే పోతాయి, ఇంకోటి పోవడానికి లేదు. మా కొట్లో కుర్రోడు చెప్పాడు ఇది, నేను కాదు. మొన్నటి 60 వాడే.

సున్నా_విలువ
దీనికంటే మంచి రుజువు నేను ఎమ్మెస్సీలో కూడా చూళ్ళేదు సార్. ఆ అబ్బాయి చేత 15 ఇంటూ 6 కూడా నోట్లతో వేయించండి ఒకసారి.

చందూవాళ్ళమ్మ
చందూకి నోట్లది చెప్పా, ఎగిరి గంతేశాడు. రాత్రి నుంచి మూడంకెల మీద పడ్డాడు, పేపరంతా నింపేశాడు, ఏది మొదలెట్టినా 495 కే వెళ్తోందని వాడే కనుక్కున్నాడు. ఇది డివిజనా మల్టిప్లికేషనా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు వేరే పేచీ మొదలైంది, 396, 594, 297, 198, "అమ్మా మధ్యలో ఎప్పుడూ తొమ్మిదే ఎందుకొస్తుంది" అని. నాకు తెలిసినా చెప్పలేదు, నువ్వే చూడరా అన్నా. కాసేపు కూర్చుని, లేచొచ్చి, నా పర్సు తీసుకెళ్ళాడు. వంద నోట్లు కావాలంట.